తెల్లమచ్చ కింద

బావ విల్లును బల్ల మీద పెట్టి, పిడి పైన అరచేయంత మచ్చ చూపించాడు. పైన అంటించిన ఫైబర్‌గ్లాస్ పొర తేటగా ఉండి, లోపలి చెక్క చారలన్నీ కనిపించాలి. అక్కడ మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

"చిన్న గీత పడితే కాస్త రుద్దాను మరదలా. తెల్లబడి చచ్చింది. ఎల్లుండి ప్రదర్శనలో పెట్టాలి. ఈ తెలుపు పోగొట్టు, చాలు."

"అంతేనా బావా? ఇంకేం చెయ్యక్కర్లేదా?"

"చెప్పింది చెయ్యి. సొంత తెలివి వాడకు," అని కొట్టు తాళాలు వేలికి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తాళాలు ఆమె నాన్నవి. ఆ విల్లూ ఆయన చేసిందే, పోయేముందు చేసిన ఆఖరిది. నాన్న పోయి నెల తిరక్కముందే బావ ఊరంతా చాటాడు, ముసలాయన చేతులు వణకడం మొదలై ఐదేళ్ళయిందనీ, అప్పటినుంచీ విల్లులన్నీ తానే చేస్తున్నాననీ. పేరు కాజేసింది చాలక, పోయినాయన చేతుల మీద అబద్ధమా! ఆ మాట విన్నప్పటినుంచీ ఆమెకు కడుపు మండుతూనే ఉంది. అక్క ముఖం చూసి పళ్ళ బిగువున ఊరుకుంది. ఎల్లుండి ఈ విల్లు నచ్చితే, చేసినవాడి పేరు విలుకాళ్ళ సంఘం గోడ మీద చెక్కిస్తారు. బావ పేరు ఎక్కిందంటే నాన్న పేరు ఇక ఎవరూ తలవరు.

ఆమె మెత్తటి గుడ్డను స్పిరిట్‌లో ముంచి మచ్చ తుడిచింది. తడి తగలగానే తెలుపు మాయమై, కింద నల్లటి సిరా గీతలు కనిపించాయి. ఆరగానే మళ్ళీ తెల్లబడింది. అది నాన్న సంతకమే.

నాన్న ఆ గ్లాసు పొర అంటించేముందు చెక్క మీదే సంతకం చేసి తేదీ వేసేవాడు. జిగురు కంపు కొడుతుందని బావ ఏనాడూ నాన్న పనిచేసే గదిలోకి తొంగిచూసిన పాపాన పోలేదు. అందుకే సంతకం పైపైన ఉందనుకుని గరుకు కాగితంతో రుద్దిపారేశాడు. గ్లాసు నార తెగి తెల్లబడేసరికి, అది చెరిగిపోయిందని సంబరపడి ఉంటాడు మహానుభావుడు!

"నీ పని చేసిపెడతాను బావా, వంక పెట్టలేనట్టు," అని పైకే అనుకుంది.

మచ్చ దుమ్ము లేకుండా తుడిచి, కాస్త వెచ్చబెట్టి, స్పిరిట్‌లా ఆరిపోని పల్చటి రెజిన్ జిగురు చుక్క చుక్కగా ఇంకించింది. బుడగ కనిపిస్తే సూదితో పొడిచింది. మర్నాడు అది గట్టిపడ్డాక నున్నగా రుద్ది, వార్నిష్ పూసింది. ఇంత కక్షగా, ఇంత శ్రద్ధగా ఆమె జన్మలో ఏ పనీ చెయ్యలేదు.

విల్లును పెట్టెలో పెట్టి బావకిచ్చింది. "వార్నిష్ ఇంకా పచ్చిగా ఉంది. దారిలో మూత తీస్తే దుమ్ము పడుతుంది, అక్కడే తియ్యి."

ప్రదర్శనలో మరదలు చూస్తుండగానే, బావ అందరి ముందూ దర్జాగా మూత తీశాడు. సంఘం పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశాడు.

"పని బ్రహ్మాండంగా ఉంది. అవునూ, ఇది మీ మామగారి సంతకం కదూ? తేదీ పోయినేడాదిది. ఆయన చేతులు వణికేవన్నారే? గీత ఎక్కడా చెదరలేదు!"

బావ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మరదలి వైపు తిరిగి, "ఏం చేశావే?" అని పళ్ళు కొరికాడు.

"తెలుపు పోగొట్టమన్నావు, పోగొట్టాను," అంది ఆమె, నలుగురికీ వినపడేలా. "సొంత తెలివి వాడలేదు బావా."

సంఘం గుమాస్తా కాగితం పట్టుకుని, గోడ మీద చెక్కాల్సిన పేరు రాయించుకోవడానికి నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.