డబ్బా మీద రాసినట్టు

“ఉండ తగిలింది,” అన్నారు మా వారు.

గ్లాసును బల్ల మీద పెట్టి, ఆ ఉండను చెంచాలోకి తీసి, కిటికీ వెలుతురులో పరీక్షించారు. పైన తడిగా, నున్నగా ఉంది. చెంచా అంచుతో నొక్కగానే లోపలి నుండి తడి తగలని పిండి రాలింది. ఆయన వంతెనలు కట్టి పదవీ విరమణ చేసిన ఇంజనీరు. ఏ లోపాన్నైనా వెలుతురులో పెట్టి చూడనిదే తృప్తి ఉండదు. చూసి, నా వైపు తిరిగి, ఎంతో దయగా, “ఏమోయ్, చెయ్యి తప్పుతున్నట్టుంది. వయసు మీద పడుతోంది కదా, పాపం,” అన్నారు.

నా చేయి తప్పలేదు. డబ్బా మీద రాసినది రాసినట్టు చేశాను, అంతే.

ఆ డబ్బాను ముందు రోజే కంపెనీ నుండి ఒక అమ్మాయి నమూనాగా తెచ్చి ఇచ్చింది. భోజనానికి బదులు పాలలో కలుపుకొని తాగే పొడి అది. దానిని తయారుచేసే కంపెనీలోనే రసాయన పరీక్షల విభాగంలో నా ఉద్యోగం మొదలై, ఆ విభాగానికి అధిపతిగా ముగిసింది. ఇప్పుడు ప్యాకింగు వ్యవహారాలు చూస్తున్న ఈ అమ్మాయికి నేనెవరో తెలియవలసిన అవసరం లేదు. అయినా నా చిరునామా వెతుక్కొని వచ్చింది. “మేడం, కంపెనీ పుట్టినరోజని ఈ ఏడాది పాత డబ్బానే మళ్ళీ వేస్తున్నాం. పాత ఫార్ములా, పాత బొమ్మ, పాత రాత. ఒక్క అక్షరం కూడా మార్చొద్దన్నారు. వెనకవైపు మాత్రం మీ మాట ఓ నాలుగు వాక్యాలు, కింద మీ సంతకం. సోమవారం పొద్దున్నే మీటింగ్. మీరు తప్పకుండా రావాలి,” అన్నది.

లోపలి గది నుండి మా వారి గొంతు వినబడింది. “పొద్దున్నే అంటే ఎంత పొద్దున్న? నా గ్లాసు అయ్యాకనా, కాకముందా?”

ఆ అమ్మాయి అది హాస్యమనుకొని హాయిగా నవ్వింది. నేను నవ్వలేదు. అది హాస్యం కాదని నాకు తెలుసు.

ఆమె వెళ్ళిన తరువాత ఆ డబ్బాను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాను. ముందువైపు ఒక గృహిణి రెండు చేతులతో పళ్ళెం పట్టుకొని, పళ్ళెంలో గ్లాసు పెట్టుకొని, చిరునవ్వుతో నిలబడి ఉంది. ఆమె ఎవరికి ఇవ్వబోతున్నదో ఆ మనిషి బొమ్మలో లేడు. బొమ్మ బయట, కుర్చీలో కూర్చొని ఉంటాడు. వెనకవైపు: “గ్లాసులో పొడి వేసి, పైన వేడి పాలు పోసి, శ్రద్ధగా కలిపి వడ్డించవలెను.” ఆ వాక్యంతో నాది ఒక జీవితకాలపు వైరం.

ఆ పొడి పుట్టినప్పటి ఫార్ములా చాలా సాదాగా ఉండేది. వేయించిన గోధుమ, పప్పులు, పాలపొడి, చక్కెర. అది రోగులకూ, నమలలేని వృద్ధులకూ ఉద్దేశించినది. ముందు కాస్త చల్లని నీళ్ళు తీసుకొని, అందులో పొడిని చల్లుతూ కలిపి, ఆ తరువాత వేడి పాలు పోయాలని పరీక్షల విభాగం రాసి పంపింది. అచ్చయి వచ్చిన డబ్బా మీద క్రమం తలకిందులై ఉంది. ఏమిటని అడిగితే, అమ్మకాల మేనేజరు తన గదిలో నన్ను నిలబెట్టే, “అమ్మా, గ్లాసులో పొడి కొండలా ఉండి, పైనుంచి పాలు ధారగా పడుతుంటే బొమ్మ ఎంత బావుంటుంది! మీరు చెప్పిన చన్నీళ్ళు బొమ్మలో కనపడవు. చిత్రకారుడు గీసేశాడు, ఇక వదిలెయ్యండి,” అన్నాడు. ఒక బొమ్మ కుదరడం కోసం పద్ధతి మారింది. వేడి పాలు పడగానే పొడి పైపొర జిగురై మూసుకుపోతుంది, లోపల పిండి పొడిగానే మిగిలిపోతుంది. అది గిన్నెలు కడిగే ప్రతి స్త్రీకీ తెలుసు. గ్లాసులు కడిగిన వారెవరూ ఆ గదిలో లేరు, నేను తప్ప. నేను నిలబడే ఉన్నాను.

ఇంట్లో మా అత్తగారు అచ్చులో ఉన్న ప్రతి మాటనూ నమ్మే మనిషి. నేను ముందు చల్లని నీళ్ళు తీసుకుంటే ఆవిడ చూపు గ్లాసు మీదికి దిగేది.

“ఏమే అమ్మాయ్, డబ్బా మీద అట్లా రాయలేదే?”

“ఇట్లా కలిపితే ఉండలు కట్టదు అత్తయ్యా.”

“డబ్బా మీద రాసినవాళ్ళు నీకన్నా చదువుకున్నవాళ్ళు.”

“అది రాసింది మా ఆఫీసే అత్తయ్యా.”

“అయితే మరీ మంచిది. నీ ఆఫీసు మాటే నువ్వు వినకపోతే ఇక మా మాట ఏం వింటావు!”

ఆవిడ వంటింట్లో ఉంటే డబ్బా పద్ధతి, లేకపోతే నా పద్ధతి, ఇట్లా ఒక రాజీ కుదుర్చుకున్నాను. ఆవిడ పక్కన నిలబడి ఉండగా కలిపిన గ్లాసులలో సహజంగానే ఉండలుండేవి. “నేను నిలబడి చూస్తుంటేనే ఇట్లా కలుపుతోంది, చూడకపోతే ఇంకెట్లా కలుపుతుందో!” అని ఆవిడ కొడుకుతో అనేవారు. ఆయన దినపత్రిక దించకుండానే, “సిమెంటూ ఇసకా ఏకం చేయించగలిగాను గానీ, మా ఇంట్లో పాలూ పొడీ ఏకం కావమ్మా,” అనేవారు. ఇద్దరూ నవ్వుకునేవారు. నేను సిగ్గుపడేదాన్ని. ఏ పరీక్షనాళికలో ఏది కరుగుతుందో సంతకం పెట్టి చెప్పే నేను, నా తప్పు కానిదానికి తల వంచుకొని చెంచాతో ఉండలు చిదిపేదాన్ని. అంతకన్నా విచిత్రమేమిటంటే, కొన్నాళ్ళకు నా చేతిలోనే ఏదో లోపముందేమోనని నాకే అనుమానం వచ్చింది.

తరువాత ఫార్ములాలో గింజల నుండి తీసిన జిగురు చేర్చారు. చిక్కగా ఉంటే కడుపు నిండినట్టు ఉంటుందని వారి ఆలోచన. డబ్బా మీదికి పళ్ళెం పట్టుకున్న ఆ గృహిణి వచ్చింది ఆ దశలోనే. పొడి ఇక రోగులది కాదు, ఆఫీసుకు పరుగెత్తే భర్తలది. జిగురు చేరడంతో ఉండలు గోళీలంత అయ్యాయి. ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదులని ఎట్లా అనను? అవన్నీ క్షమాపణలే. “నాకు సరిగా కలపడం రావడంలేదు, దయచేసి నేర్పగలరు” అని ఎవరో ఇల్లాలు. “మా అత్తగారు నా చేతికి ఓపిక లేదంటున్నారు, నిజమేనా?” అని మరొకరు. పొడిని తిట్టిన స్త్రీ ఒక్కరూ లేరు. ఆ ఉత్తరాలన్నీ మేనేజరు బల్ల మీద పెట్టి, పొడి రేణువుల మీద సోయా నుండి తీసే ఒక నూనె పదార్థాన్ని పలుచగా పూస్తే అది నీటిలో ఇట్టే విచ్చుకుంటుందని, పద్ధతిని కూడా సరిదిద్దాలని చెప్పాను. ఆయన ఉత్తరాలు తిరగేసి, “వాళ్ళే చెబుతున్నారు కదమ్మా, కలపడం రావడంలేదని! దీనికి పొడి ఎందుకు మార్చడం? ఒక్క మాట చేరిస్తే పోలా?” అన్నాడు. చేర్చాడు. ఆ మాటే “శ్రద్ధగా”. పొడిలో ఉన్న లోపానికి మందు పొడిలో వేయలేదు. ఆడవాళ్ళ చేతుల మీద వేశారు.

డబ్బాలు మారుతూనే ఉన్నాయి. ఒక దశలో అదే గృహిణి నడుమును సన్నగా గీసి, చుట్టూ టేపు చుట్టారు. చక్కెర తీసి మరో తీపి వేశారు. అన్నాళ్ళూ భర్తకు బలమిచ్చిన పొడి అప్పటి నుండి భార్యను సన్నబరిచే పొడి అయింది. పళ్ళెం మాత్రం ఆమె చేతిలోనే ఉంచారు.

మా అత్తగారు మంచాన పడిన తరువాత ఆవిడ ఆహారమంతా ఆ పొడే. ఒకసారి నేను ఆఫీసు పని మీద పొరుగూరు వెళ్ళినప్పుడు, ఆవిడను చూసుకోవడానికి వచ్చే నర్సమ్మ డబ్బా చదివి, అక్షరం తప్పకుండా అట్లాగే కలిపి ఇచ్చింది. ఉండ గొంతుకు అడ్డుపడి పెద్దావిడ ఉక్కిరిబిక్కిరయ్యారట. నేను తిరిగి వచ్చాక, తల నిమురుతూ పక్కన కూర్చుంటే, ఆవిడ పైకప్పు వైపు చూస్తూ అడిగారు.

“అమ్మాయ్, నేను వంటింట్లో తిరిగినన్నాళ్ళూ నీ గ్లాసులో ఉండలే. మంచాన పడ్డ దగ్గర్నుంచి ఒక్క ఉండా లేదు. ఏమిటే సంగతి?”

నేను ఆవిడ దుప్పటి సర్దాను.

“ఆ పిల్ల డబ్బా మీద రాసినట్టే చేసిందిట.” ఆవిడ ఊపిరి తీసుకున్నారు. “అయితే తప్పు రాశారన్నమాట. నీ ఆఫీసే కదా! వెళ్ళి దిద్దు.”

క్షమించమని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే నాకు ఇబ్బందిగా ఉండేది. దిద్దమన్నారు, అదే నాకు చాలా ఎక్కువ. మర్నాడే మళ్ళీ అడిగాను. “పెద్దావిడ చెప్పిందని డబ్బాలు మార్చుకుంటూ పోతామా?” అని మేనేజరు నవ్వాడు. డబ్బా మారకుండానే ఆవిడ వెళ్ళిపోయారు.

నా ఉద్యోగం చివరి రోజులలో గానీ అది మారలేదు. మారిన కారణం వింటే నవ్వు వస్తుంది. ఒంటరిగా గదులలో ఉండి ఆఫీసులకు వెళ్ళే యువకులు పొడిని తామే కలుపుకోవడం మొదలుపెట్టారు. వారి ఉత్తరాలలో క్షమాపణలు లేవు. “మీ పొడి దరిద్రంగా ఉంది. డబ్బులు వాపసు ఇవ్వండి.” అంతే! ఎంతో కాలం గడవకముందే నేను చెప్పిన పూత పూశారు, నీళ్ళు ముందు పోయమని అచ్చువేశారు, మూత ఉన్న గ్లాసు ఒకటి ఉచితంగా జతచేశారు. డబ్బా మీది గృహిణి మాయమైపోయింది. “శ్రద్ధగా” కూడా పోయింది. మగవారికి శ్రద్ధగా కలపమని చెప్పడం మర్యాద కాదని ఎవరికో తోచి ఉంటుంది.

అట్లా పోయిన వాక్యం ఇప్పుడు పాతకాలపు ముచ్చటగా మళ్ళీ వస్తోంది. పాత జిగురుతో, పూత లేకుండా, కింద నా సంతకంతో. ఏ ఇంట్లోనో ఎవరో కొత్తగా ఒక అమ్మాయిని, “చెయ్యి తప్పినట్టుంది,” అంటారు.

సోమవారం ఉదయం నేను చీర మార్చుకొని బయలుదేరేసరికి మా వారు భోజనాల బల్ల దగ్గర కూర్చొని ఉన్నారు.

“నా గ్లాసేదీ?”

“అలమరలో ఉంది. డబ్బా కూడా అక్కడే ఉంది.”

“నేనెలా కలుపుకుంటానోయ్?”

“డబ్బా మీద రాసి ఉంది కదండీ,” అని చెప్పి, తలుపు దగ్గరగా వేశాను. ఆయన ఆకలితో ఉంటారనే దిగులు నన్ను వీధి మలుపు దాకా వెంబడించి, అక్కడ ఆగిపోయింది.

సమావేశంలో నా వాక్యాలు చదివాను. “ఈ పొడి ఒకప్పుడు ఉండలు కట్టేది. లోపం పొడిలో ఉండేది, మేము రాసిన పద్ధతిలో ఉండేది. కలిపిన చేతులలో లేదు.” కొత్త జనరల్ మేనేజరు మర్యాదస్థుడు. నొచ్చుకొని, “మేడం, మన తప్పు మనమే డబ్బా మీద అచ్చేసుకుంటామా? ఎవరైనా కొంటారా?” అన్నాడు.

నేను నోరు తెరిచే లోపలే ప్యాకింగు అమ్మాయి అందుకున్నది. “మా అమ్మ కొంటుంది సర్. తాగడానికి కాదు, మా నానమ్మకి చదివి వినిపించడానికి.”

గది అంతా నవ్వింది. నవ్వు ఆగిన తరువాత ఇద్దరు ముగ్గురు తమ తల్లులను తలుచుకున్నట్టు బల్ల వైపు చూడసాగారు. అప్పుడు నా షరతులు చెప్పాను. కలిపే పద్ధతి సరిగా వేయాలి. పూత ఉండాలి. “శ్రద్ధగా” ఉండకూడదు. ఇవి లేకపోతే నా సంతకం లేదు. “మరి ముందువైపు బొమ్మ, మేడం?” అని జనరల్ మేనేజరు దిగులుగా అడిగాడు. “ఆవిడను ఉండనివ్వండి. చాలాకాలంగా నిలబడి ఉన్నది. కూర్చోబెట్టి, గ్లాసు ఆవిడ చేతికే ఇవ్వండి,” అన్నాను. ఆయన కాసేపు పెన్నును తిప్పుతూ కూర్చొని, నా వాక్యాలూ షరతులూ రాసి ఉన్న కాగితాన్ని తనవైపు లాక్కొని సంతకం చేశాడు.

ఇంటికి వచ్చేసరికి వంటింటి గట్టు అంతా పొడి, పాలు. తొట్టిలో గ్లాసులు. మా వారు చొక్కా చేతులు పైకి మడుచుకొని, ఒక ఉండను కిటికీ వెలుతురులో పట్టుకొని చూస్తున్నారు.

“ఏమోయ్, ఈ పొడిలోనే లోపం ఉంది! డబ్బా మీద రాసిన పద్ధతే తప్పు. పొడి మీద వేడి పాలు పోస్తే కలుస్తుందా ఎక్కడైనా? ఇన్నేళ్ళు అక్కడ పనిచేశావు, ఎవరికీ చెప్పలేదా?”

“చెప్పాను. డబ్బా మీద లేదని ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు అచ్చువేస్తున్నారు.”

ఆయన చెంచాను నెమ్మదిగా దించారు. ఇంటి లెక్కల్లో ఎప్పుడూ తడబడని ఆ ముఖం మీద ఏదో పాత పద్దు తిరగబడినట్టు కనిపించింది. నా చేతుల వైపు చూశారు. తొట్టిలో నుండి ఒక గ్లాసు తీసి కడిగి, తుడిచి, గట్టు మీద పెట్టి, “సరే, ఎట్లాగో చెప్పు,” అన్నారు.

నేను చెప్పులు విడిచి, ఆయన కుర్చీలో కూర్చున్నాను.

“ముందు చల్లని నీళ్ళు,” అన్నాను. “రెండు గ్లాసులలో.”