కోపం దిగినంక ఎక్కుతా

గుర్రాన్ని అమ్మేద్దామని నా భార్య స్వర్ణలత నెల రోజులుగా అంటోంది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. మా గుర్రం రాణిని పెళ్లి ఊరేగింపులకు తిప్పుతాను. కిందటి నెల నాచారంలో భూషణం అనే పటాకులాయన దాని కాళ్ల దగ్గరే లడీ అంటించాడు. అది ముందుకాళ్లు పైకి లేపింది. నేను పట్టుకున్నాను గనుక పెళ్లికొడుకు తల పగల్లేదు. ఊరేగింపులో ఇంకోసారి బెదిరితే అన్నోజిగూడలో గుర్రాలు కొనే ఆయనకు అమ్మడమేనని ఇద్దరం ఒప్పుకున్నాం.

అప్పటినుంచి రోజూ పొద్దున ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా స్వారీ చేస్తూ భూషణాన్ని తిట్టుకునేవాణ్ని. కోపం ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకుంటానని నా లెక్క. రాణి మాత్రం ఆటో హారన్‌కు కూడా పక్కకు దూకేది.

గుర్రాల కాళ్లకు నాలాలు కొట్టే కొమురెల్లి మామ చూసి నవ్వాడు.

"పగ్గం గట్ల పట్టినవేందల్లుడా? భూషణం గొంతు అనుకున్నవా?"

"జాగ్రత్త మామా."

"నీ జాగ్రత్త పాడుగాను. దాని నోరు నొస్తది. నీ లొల్లి దానికేమెరుక? నువ్వు పగ్గం బిగిస్తే ముందట ఏదో ఉన్నదని బెదురుతది."

నమ్మలేదు. తర్వాత రెండ్రోజులు జ్వరం. తగ్గిన మర్నాడు నీరసంతోనే ఎక్కాను. తిట్టుకునే ఓపిక కూడా లేదు, వేళ్లు వదులుగా ఉన్నాయి. పక్కనుంచి బస్సు రాసుకుంటూ పోయినా రాణి చెవులు తిప్పి ఊరుకుంది. నెల రోజులు నేను మేపింది కోపాన్ని. నష్టం గుర్రానికి.

ఆదివారం పొద్దున దమ్మాయిగూడలో పెళ్లి. పెళ్లికొడుకును ఎక్కించి బయలుదేరితే, ఫంక్షన్ హాల్ గేటు ముందు లడీ పరుస్తున్నది భూషణమే.

"ఏందన్నా, మళ్ల ఇదే గుర్రమా? పెళ్లికొడుకుకు హెల్మెట్ పెట్టిన్రా?"

అందరూ నవ్వారు. పగ్గం మీద నా వేళ్లు బిగుసుకున్నాయి. రాణి తల ఎగరేసింది. పెళ్లికొడుకు జీను గట్టిగా పట్టుకున్నాడు. మాటలో గెలిస్తే గుర్రం పోతుంది. వేళ్లు ఒక్కొక్కటే వదిలాను.

"హెల్మెట్ నువ్వు తెస్తవనుకున్న తమ్మీ. జర మేం గేటు దాటినంక కాల్చు."

"సరే పో అన్నా" అని అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

గేటు దాటాక లడీ పేలింది. రాణి ఒళ్లు వణికింది గాని కాళ్లు నేల వదల్లేదు.

రాణినెక్కి తిరిగొస్తూ నాచారం చేరేసరికి ఆ నవ్వులు గుర్తొచ్చాయి. కోపం ముంచుకొచ్చింది. దిగాను. కాళ్లు లాగుతున్నా, తిట్టుకుంటూ గుర్రం పక్కన నడిచాను.

స్వర్ణలత ఫోన్ చేసింది. "ఏమైంది? అన్నోజిగూడ ఆయన్ని రమ్మనాల్నా?"

"వద్దు. బెదరలే."

"మరి ఇంకా రాలేదేంది?"

"నడుస్తున్న."

"గుర్రాన్ని పెట్టుకొని నడుసుడేంది?"

"జరసేపు," అన్నాను. "కోపం దిగినంక ఎక్కుతా."