సలహా చెప్పే మనిషి

స్నానం చేయించి, పాపను ఒళ్ళో బోర్లా వేసుకుని తుడుస్తుంటే తొడల మీది ముడతలు మళ్ళీ కళ్ళబడ్డాయి. ఎడమవైపు రెండు, కుడివైపు మూడు. నడక వచ్చినప్పటి నుంచీ కుడివైపుకే ఒరుగుతోంది.

"అత్తయ్యా, ఒక్కసారి డాక్టరుకి చూపిద్దాం" అన్నాను. అలా అనడం ఎన్నోసారో నాకే తెలియదు.

"నీ కళ్ళకి అన్నీ రోగాలే కనిపిస్తాయి. వీళ్ళ నాన్న కూడా బాతులాగే నడిచేవాడు. ఇప్పుడు బస్సు వెనక పరిగెత్తడం లేదూ?"

మా ఆయన చెప్పులు తొడుక్కుంటూ నవ్వారు. "అమ్మ నలుగుర్ని పెంచింది. నువ్వు తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి డాక్టరువెప్పుడయ్యావు?"

నేనూ నవ్వాను. నవ్వకపోతే మాటకు మాట పెరుగుతుంది, పనికి ఆలస్యమవుతుంది.

నేను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాను. అక్కడ ప్రమాదాలు జరగకుండా చూసే ఆఫీసరు ఒకాయన ఉన్నారు. అందరూ సలహాల సారు అంటారు. అట్టలు కోసే మిషనుకి చేతులు పడకుండా కత్తి ముందుండే జాలీ ఊడిపోయింది, ఆపి బాగు చేయించండని ఇన్‌చార్జికి చెబుతూనే ఉండేవారు. "తమరు చెప్పాక తప్పుతుందా సార్" అనేవాడు ఇన్‌చార్జి. ఆయన అటు తిరగ్గానే, "ఈయనకేం, చెప్పి పోతాడు. సరుకు వెళ్ళకపోతే తిట్లు తినేది నేను" అని గొణిగేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగాను. "మీరే ఆపించొచ్చు కదా సార్?"

ఆయన డబ్బా మూత బిగిస్తూ అన్నారు. "కంపెనీలో రెండు రకాలమ్మా. లైన్ వాళ్ళు పని చేయిస్తారు, వాళ్ళ మాట ఆర్డరు. మేం స్టాఫ్. తెలిసింది చెప్పడం వరకే. చేస్తారా, మానేస్తారా, వాళ్ళిష్టం."

ఆ మధ్యాహ్నమంతా పెట్టెలు మడుస్తూ అదే ఆలోచన. మా ఇంట్లోనూ అంతే కదా. పాప ఒళ్ళు వెచ్చబడితే ముందు తెలిసేది నా చేతికి. ఏ రాత్రి ఎందుకు ఏడ్చిందో తెలిసేది నాకే. ఆర్డరు మాత్రం అత్తయ్యది, ఆ పైన మా ఆయనది. సారుకైతే, చెప్పినందుకు జీతమైనా ఉంది. అయినా ఆ పూట కాస్త ఊరటగానే అనిపించింది. చెప్పడం నా పని, చెబుతున్నాను.

ఆ వారంలోనే అక్క చెయ్యి ఆ కత్తి మిషనులో పడింది. అక్కంటే తోడబుట్టింది కాదు, నా పక్కన నిలబడి నాకు పని నేర్పిన మనిషి. రెండు వేళ్ళు పోయాయి. ఇన్‌చార్జి గుడ్డల కోసం పరిగెడుతుంటే సలహాల సారు గోడకి ఆనుకుని, "నేను చెప్పాను... ముందే చెప్పాను" అంటున్నారు. అబద్ధం కాదు. ఆయన తప్పు వెతికినా దొరకదు. మిషను స్విచ్చి మాత్రం ఆయన చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది.

అక్కను ఆసుపత్రికి ఆటో ఎక్కించి నేను ఇంటికి వచ్చేశాను. పాపను చంకనేసుకున్నాను.

"ఎక్కడికే? వాణ్ణి అడిగావా?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా."

డాక్టరమ్మ పాప కాళ్ళు మడిచి, విప్పి, ఎక్స్‌రే తీయించి చాలాసేపు చూసింది. "పుట్టుకతోనే తుంటి కీలు జారి ఉంది. నెలల పిల్లగా ఉన్నప్పుడే తెస్తే బెల్టులాంటి పట్టీలు కడితే సరిపోయేది. ఇప్పుడు ఆపరేషన్ చేయాలి. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?"

చెబుతూనే ఉన్నానండీ అని గొంతు దాకా వచ్చింది. పాప నా వేలు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. ఆ మాట దాని కాలికి ఎందుకూ పనికిరాదు. మింగేశాను.

"సరే, ఇంట్లో మాట్లాడుకుని రండి" అంది డాక్టరమ్మ.

"మాట్లాడటం అయిపోయిందండీ. తేదీ చెప్పండి."