నీ ఇష్టం

మిక్సీ వేసే ముందు ఆమె చెవుల్లో దూది పెట్టుకుంటుంది. "ఆ దూదేమిటమ్మా, మా మాట వినబడకూడదనా?" అని అత్తగారు పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది, ఇప్పటికీ అంటూనే ఉంది. వినబడకపోవడం ఎక్కడ! అన్నీ వినబడటమే ఆమెకొచ్చిన చిక్కు. కుళాయి బొట్టు, ఫ్యాను గరగర, పక్కింటి టీవీ, ఎదుటి మనిషి మాట, అన్నీ ఒక్కలాగే వచ్చి మీద పడతాయి. అందరికీ అంతేననీ, తనకే ఓర్పు చాలదనీ ఇన్నేళ్ళూ తనను తానే తిట్టుకుంది. మొన్న డాక్టరమ్మ ఏడేళ్ళ కూతుర్ని పరీక్షించి, ఆటిజం అంది. "పాప ఏ శబ్దాన్నీ వెనక్కి నెట్టలేకపోతోంది. మాటల్ని ఉన్నవున్నట్టే తీసుకుంటుంది. మొండితనం కాదు" అని ఆవిడ చెబుతుంటే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కూతురి కోసమే ఏడుస్తోందనుకున్నారు అందరూ.

మాటల్ని ఉన్నవున్నట్టు తీసుకుని ఆమె తిన్న చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. కాపురానికొచ్చిన కొత్తలో, ఆడపడుచు ఇంట్లో విందుకు తనూ రావాలా అని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు భర్త. ఆ జనాన్నీ గోలనూ తలుచుకుని, హమ్మయ్య అనుకుని, రానంది. నెలల తరబడి మొహం మాడ్చుకున్నాడు. "కట్టుకున్నదాన్ని కూడా బొట్టుపెట్టి పిలవాలా?" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఈ ఇంట్లో "నీ ఇష్టం" అంటే తన ఇష్టం కాదని. "ఏం లేదు" అంటే చాలా ఉందని. పరాయి భాషలా అన్నీ బట్టీపట్టింది. పక్కవాళ్ళ మొహాలు చూసి నవ్వడం నేర్చుకుంది. కోడలు దారిలో పడిందన్నారు. సాయంత్రమయ్యేసరికి ఆ కోడలు స్నానాలగదిలో లైటు తీసేసి, గోడకు నుదురు ఆనించి కూర్చునేది.

ఆ ఆదివారం ఆడపడుచు వచ్చింది. పాప ఓ మూల కూర్చుని పాత గుడ్డలోంచి దారాలు లాగుతోంది.

"అత్తకి ముద్దు పెడతావా? పెట్టకపోతే నీ ఇష్టం" అంది ఆడపడుచు.

పాప కాసేపు ఆలోచించి, "పెట్టనత్తా" అని మళ్ళీ దారాల్లో పడింది.

ఆడపడుచు మొహం చిన్నబోయింది. అత్తగారు పాప గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నా కళ్ళలోకి చూడు. పెద్దవాళ్ళు నీ ఇష్టం అన్నారంటే పెట్టమని అర్థం. తెలిసిందా?"

పాప చూపు ఎటు పోవాలో తెలియక గోడ మీదికి పోయింది.

"నేర్పించు దానికి. నువ్వు నేర్చుకోలేదూ?" అన్నాడు భర్త ఆమెతో.

అందులో వెటకారం లేదు, మెచ్చుకోలే ఉంది. అదే ఆమెను ఎక్కువ నొప్పించింది. నేర్చుకుంది, నిజమే. అందుకోసం తనను తాను ఎంత చంపుకుందో ఎవరూ అడగలేదు. ఇప్పుడీ పసిదాన్ని కూడా అలాగే, తన చేతులతోనే.

ఆమె వచ్చి అత్తగారి వేళ్ళను పాప గడ్డం మీంచి మెల్లగా తీసింది. పక్కనే చతికిలబడింది. పాప మొహంలోకి చూడలేదు. ఇద్దరూ దారాలనే చూశారు.

"నీ ఇష్టం అంటే నీ ఇష్టమేనమ్మా" అంది.

"మరి నానమ్మ..."

"నానమ్మకి తెలీదు."

ఆమె తలెత్తకుండానే భర్తతో అంది. "నేను నేర్పించను. నేనూ దీనిలాంటిదాన్నే. ఇన్నాళ్ళూ నటించాను, ఇక నా వల్ల కాదు."

"అందరి ముందూ ఏమిటా మాటలు!" అన్నాడు భర్త. "సరేలే, నేను చెప్పేదేముంది. నీ ఇష్టం!"

"సరే" అంది ఆమె.