ఇరవై మూడో నంబరు

నేను ఒక హాజరు పట్టీని. ఆదోని అవతల, పత్తి చేల మధ్య ఉన్న ఒక హైస్కూల్లో పదో తరగతి ‘బి’ సెక్షనుది. కర్నూలు ప్రెస్సులో గళ్లు గీసి, నీలం అట్ట వేసి నన్ను పంపారు. గళ్లు బోలెడు, వాటిలో పడేవి మాత్రం రెండే. వచ్చినవాళ్లకు నీలం టిక్కు, రానివాళ్లకు ఎర్ర ‘ఏ’. ఎందుకు రాలేదో రాయడానికి ఒక గడి పెట్టాలని ఎవరికీ తోచలేదు. మనుషులంతే, అడగదలచుకోని దానికి చోటుంచరు.

మొదట నన్ను పట్టుకున్నది మాధవయ్య సారు. తల ఎత్తకుండా నంబర్లు పిలిచేవారు. దసరాకి ఆయన బదిలీ అయి, సోషల్ చెప్పడానికి రంగవేణి మేడం వచ్చింది. ఎమ్మే సోషియాలజీ. “ఆ చదువుతో ఏం చేస్తావే అని మా ఇంట్లో అడగనోళ్లు లేరు” అని తనే చెప్పి నవ్వేది.

దీపావళి వెళ్లిన మూడోరోజు నుంచి పదకొండు మంది రాలేదు. మాధవయ్య సారైతే పదకొండు ‘ఏ’లు పెట్టి పాఠంలోకి వెళ్లిపోయేవారు. ఈవిడ ఆ పేర్ల మీద వేలు పెట్టి చూసింది. అందరూ ఒకేరోజు మానారు. అందరిదీ ఒకే వీధి. ఇది పిల్లల బద్ధకం కాదంటూ సాయంత్రం ఆ వీధికి పోయింది. సగం ఇళ్లకు తాళాలు. కూలీల మేస్త్రీ లారీ పెట్టి కుటుంబాలకు కుటుంబాలనే గుంటూరు వైపు మిరపకాయ కోతకు తీసుకెళ్లాడు. మర్నాడు నా అంచుల్లో పెన్సిలు రాతలు మొదలయ్యాయి. ఎవరు కోతకు, ఎవరు వంటకు, ఎవరు చంటిబిడ్డకు కాపలా. నాకు ఒళ్లు మండింది. నేను సర్కారు రికార్డునా, ఈవిడ నోట్సు పుస్తకాన్నా?

హెడ్మాస్టరు ఫకీరప్ప గారికి ఇంకా మండింది. “ఏందమ్మా ఈ రాతలు? రానోళ్ల పేర్లు కొట్టేయండి. ఇన్‌స్పెక్షనుకు హాజరు బాగుండాల.” రానివాళ్లను కొట్టేస్తే అందరూ వచ్చినట్టేనట. ఆ తెలివి ఏ డిగ్రీలో చెబుతారో నాకు తెలీదు.

మేడం బతిమాలితే శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల బెల్లు దాకా గడువిచ్చారు. ఆలోపు బిడ్డ క్లాసులో కనబడితే పేరుంటుంది, లేకుంటే లేదు. ఆ సాయంత్రమే పదో తరగతి పరీక్షకు జాబితా పోతుంది. కొట్టేసిన పేరుకు ఈ ఏడు పరీక్ష లేదు.

మేడం నన్ను ముందు పెట్టుకుని పదకొండు ఇళ్లవాళ్లకూ ఫోన్లు చేసింది. కొందరు ఎత్తలేదు, కొందరు కుదరదన్నారు. ఇరవై మూడో నంబరు ఉరుకుందమ్మ, లెక్కల్లో క్లాసుకే ఫస్టు. వాళ్ల నాయనను మేడం ఎందుకు పంపవని నిలదీయలేదు. “పాప అక్కడ ఏం పని చేస్తాంది?” అని అడిగింది.

“చంటోన్ని చూసుకుంటాది మేడం. అది లేకుంటే మా ఆడమనిషి కోతకు పోలేదు.”

నా అంచులో పెన్సిలుతో ‘అవ్వ ఇక్కడే, మేకలతో’ అని ఉంది. “అయితే అవ్వను నీ దగ్గరికి పంపిస్తా. మేకల్ని పక్కింటోళ్లు చూస్తామన్నారు. పాప నా కాడ ఉంటాది” అంది. అవతల పెళ్లాన్ని పిలిచి అడిగాడు. చివరికి సరేనన్నాడు.

అవ్వ బుధవారం రైలెక్కింది. శుక్రవారం పన్నెండింటికి, ఉరుకుందమ్మ మేనమామ వెంట ఆదోనిలో బస్సెక్కిందని ఫోనొచ్చింది. ఒంటిగంటయింది. ఒకటిన్నరయింది. రెండు గంటల బెల్లు కొట్టగానే ఫకీరప్ప గారు వచ్చి, నన్ను లాక్కుని, ఎర్ర పెన్ను మూత తీశారు. స్కేలు ఆనించి మూడో నంబరు కొట్టేశారు. ఏడు. పద్నాలుగు. మేడం చేతిలో నీలం పెన్ను ఉంది. ఒక్క దొంగ టిక్కు పెట్టేయవమ్మా అని నా ప్రాణం కొట్టుకుంది. ఆవిడ పెట్టలేదు. “ఒక్క నిమిషం సార్, బస్సు వచ్చింటాది” అంది. స్కేలు ఇరవై మూడు మీదికి వచ్చింది.

ముందు బెంచీలో ఎవరో తుమ్మారు. పక్కవాళ్లూ తుమ్మారు. ఫకీరప్ప గారు కూడా తుమ్మి, తల ఎత్తి చూశారు. గుమ్మంలో ఉరుకుందమ్మ నిలబడి ఉంది, బట్టల నిండా మిరప ఘాటుతో.

మేడం పేరు పిలిచింది. “ప్రెజెంట్ మేడం” అంది పిల్ల. టిక్కు పడింది. ఫకీరప్ప గారు ముక్కు తుడుచుకుని, స్కేలును ఇరవై తొమ్మిది మీదికి జరిపారు.

ఏడాది తిరిగాక నాలాంటివి పాత కాగితాలవాడి సంచిలోకి పోతాయి. మేడం నన్ను మాత్రం తన సొరుగులో దాచుకుంది. ఉరుకుందమ్మ పాసయింది కదా, ఆ టిక్కు చూసుకుని మురిసిపోవడానికనుకున్నాను. కాదు. ఏటా దీపావళికి పదిరోజుల ముందు నన్ను తెరిచి, ఆ టిక్కు దగ్గర ఆగకుండా, మిగతా పది ఎర్ర గీతల మీదా ఒక్కొక్కదాని మీద వేలు పెడుతుంది. తర్వాత చెప్పులేసుకుని, మేస్త్రీ లారీ రాకముందే ఆ వీధికి పోతుంది.