నీళ్ళొస్తున్నాయి, తప్పుకోండి

టర్నిప్ దుంపని తొలిచి దీపం చెయ్యడమంటే రాయిని చెంచాతో గీకడమే. అరచెయ్యి బొబ్బలెక్కింది. "చెంచా తిరగేసి పట్టుకో నోరీన్, సుళువుగా వస్తుంది" అన్నాడు మా ఆయన డోనల్, పేపర్లోంచి తలెత్తకుండా. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఒక్క దుంపకైనా కన్ను చెక్కి ఎరగని మనిషి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పొద్దున పీతలు ఒలిచే షెడ్డులోనూ ఇదే వరస. హాలోవీన్ కదా, పోయినవాళ్ళు ఇంటికొచ్చే రోజు, మధ్యాహ్నం ఇంటికి వెళ్తానంటే, "ఏం, మీ ఇంటి దయ్యాలకి వండుకోవడం రాదా?" అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా. నిజం చెప్పాలంటే వాళ్ళకి రాదు. మా మామగారు మార్టిన్ బతికున్నన్నాళ్ళూ గుడ్డయినా ఉడకబెట్టుకోలేదు, పోయాక నేర్చుకుంటాడా!

ఈ సాయంత్రం ఆయన వస్తాడు. ఆయన తండ్రీ, ఆ తండ్రి తండ్రీ కూడా వస్తారు. తలుపు గడియ తీసి ఉంచి, పొయ్యికి దగ్గరగా ఒక కుర్చీ వేసి, వాళ్ళ పేరున ఒక పళ్ళెం పెట్టాలి. ఉడికిన బంగాళాదుంపలూ కేల్ ఆకూ కలిపి మెదిపి, మధ్యలో గుంట చేసి వెన్న కరిగించాలి. ఎండుద్రాక్ష రొట్టెలో ఉంగరం దాచాలి, దొరికినవాళ్ళకి ఆ ఏడు పెళ్ళవుతుందని. మార్టిన్ గారికి రొట్టె అంచు కాస్త మాడితేనే ఇష్టం. ఆయన తండ్రికి వెన్న ఎక్కువ పడాలి. ఈ తండ్రులందర్లో నేను చూసింది ఒక్క మార్టిన్ గారినే. మొహాలు తెలియని మగవాళ్ళ రుచులన్నీ నాకు కంఠతా వచ్చు.

మా అమ్మ డెలియా మొన్న మార్చిలో పోయింది. పోయిన తర్వాత వచ్చే మొదటి హాలోవీన్‌కి ఎవరైనా సరే ఇంటికి వచ్చి తీరతారని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ ఏ ఇంటికి వస్తుంది? ఇల్లు మా అన్న అమ్మేశాడు. కొన్న జర్మన్ వాళ్ళు తలుపుకి ఎర్ర రంగు కొట్టించి, కొత్త తాళం బిగించి, మళ్ళీ ఎండాకాలానికి వస్తామని వెళ్ళిపోయారు. వారం నుంచీ నాకు నిద్రలోనూ, మెలకువలోనూ, పీతలు ఒలుస్తున్నప్పుడు కూడా ఒకటే కనిపిస్తోంది. అమ్మ బూడిదరంగు స్వెట్టరు వేసుకుని, తడిసిన బూట్లు గడ్డికి తుడుచుకుని, ఎర్ర తలుపు ముందు నిలబడుతుంది. పిడి తిప్పుతుంది. అది తిరగదు. కోపం తెచ్చుకోదు, మా అమ్మకి కోపం ఎక్కడిది! కిటికీ అద్దానికి మొహం ఆనించి తన వంటిల్లు తనే చూసుకుంటుంది. అక్కడ తన పొయ్యి లేదు, తన కప్పులు లేవు. ఊపిరికి అద్దం మసకబారితే స్వెట్టరు చేతితో తుడిచి మళ్ళీ చూస్తుంది. ఎవరో వచ్చి తీస్తారన్నట్టు, ఓపిగ్గా.

పోయిన ఆదివారం అడిగేశాను. "ఈసారి మా అమ్మకి కూడా ఒక పళ్ళెం పెడదాం డోనల్."

"మీ అమ్మకా? ఇక్కడా?" అన్నాడు, ఆవిణ్ణి ఏకంగా కాపురానికి తెస్తానన్నట్టు. "చచ్చినవాళ్ళకి ఎవరి గడప వాళ్ళకి తెలుస్తుందిలే."

"ఆ గడపకి తాళం వేసి ఉంది."

"అయితే మీ అన్ననడుగు."

మా మరిది టీగ్‌కి పెళ్ళి కాలేదు, మూడు పూటలా మా ఇంట్లోనే తింటాడు. "వద్దు వదినా, మీ అమ్మొస్తే మా నాన్నతో మళ్ళీ గొర్రెల తగువు మొదలు" అని నవ్వాడు. మా అత్తగారు హనోరా అల్లిక సూదులు ఆపకుండా, "ఒక ఇంటి ఆచారంలో ఇంకో ఇంటిని కలపకూడదమ్మాయ్" అంది. అంతటితో సరి. నా తల్లి సంగతి ముగ్గురూ తలో మాట వేసి తేల్చేశారు, నేను కడిగిన గిన్నెలు తుడుచుకుంటూ విన్నాను.

చీకటి పడింది. సముద్రం మీంచి మంచు పాకుతూ పెరట్లోకి వచ్చింది. కిటికీలో దుంపదీపం పళ్ళికిలించింది. మా అమ్మాయి డెర్వ్లా, పన్నెండేళ్ళది, పండగ వేషానికి మసి పూసుకున్న మొహంతో వచ్చి కూర్చుంది. వాళ్ళందరూ బల్ల చుట్టూ చేరారు. నాలుగు కుర్చీల్లో నలుగురు, అయిదోది పొయ్యి పక్కన ఖాళీగా. డోనల్ గొంతు సవరించుకుని వాళ్ళ పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నాడు. నేను పొయ్యి మీంచి దుంపలు వార్చిన నీళ్ళ గిన్నె ఎత్తి పెరటి తలుపు తీశాను. ఆవిరీ మంచూ కలిసిపోయి నాకు ఇల్లూ వాకిలీ తేడా తెలియలేదు. ఎక్కడో ఎర్ర తలుపు. ఎక్కడో పిడి తిరుగుతున్న చప్పుడు. ఆ ధ్యాసలోనే మరిగే నీళ్ళు బయటికి పారబోశాను.

"అయ్యో నీ చేతులు పడిపోనూ!" అత్తగారి కేకకి ఉలిక్కిపడ్డాను. "చీకటి పడ్డాక 'నీళ్ళొస్తున్నాయి, తప్పుకోండి' అనకుండా పారబోస్తారటే! అందులోనూ ఇవాళ! వాకిట్లో ఎవరెవరు నిలబడి ఉంటారో ఏమో! ఎవరి మీద పోశావే?"

"మా అమ్మ మీద" అన్నాను.

గిన్నె కింద పెట్టి వాళ్ళ వైపు తిరిగాను.

"ఇంకెవరి మీద పడతాయి అత్తయ్యా? మీ వాళ్ళంతా లోపలికి వచ్చేశారుగా, మీ అబ్బాయి ఇప్పుడే పేరు పేరునా పిలిచాడు. రావద్దన్నది ఆవిణ్ణొక్కదాన్నే. బయట నిలబడేది ఆవిడే."

"ఇప్పుడు మొదలెట్టకు నోరీన్" అన్నాడు డోనల్. "తిండి చల్లారిపోతోంది."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అరలోంచి ఒక పళ్ళెం తీసి, నిండా వడ్డించి, వెన్న వేసి బల్ల మీద పెట్టాను. ఎవరినీ అడగలేదు. తలుపు తెరిచే ఉంచాను. అప్పటికీ ఎందుకో అత్తగారి మీద మాత్రం నా కోపం పోలేదు.

"ఒక్కటి చెప్పండి అత్తయ్యా. మీ అమ్మ ఇవాళ ఏ ఇంటికి వెళ్తుంది?"

ఆవిడ పుట్టింది ఎదురుగా ఉన్న దీవిలో. బతకలేక అక్కడ మిగిలినవాళ్ళందరూ పడవలెక్కి వచ్చేసి ముప్పై ఏళ్ళయింది. ఇళ్ళ కప్పులు కూలిపోయాయి. ఇప్పుడక్కడ గొర్రెలు తప్ప ఎవరూ లేరు. అత్తగారు తెరిచిన తలుపు వైపు చూసింది. మంచు గడప దాటి లోపలికి వస్తోంది. నేను అడగకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

"సైవ్" అంది చివరికి. "మా అమ్మ పేరు సైవ్."

ఇరవై రెండేళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను, ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆవిడ కొడుకుల మొహాలు చూస్తే వాళ్ళూ విన్నట్టు లేదు.

"ఉప్పు ఎక్కువ తినేది" అంది అత్తగారు. "ఎంత వేసినా చాలదనేది. యాభై ఏళ్ళయింది నేను ఈ ఇంటికొచ్చి. వీళ్ళ తాతలకీ ముత్తాతలకీ పెట్టాను. నన్ను కన్నతల్లికి ఒక్క ముద్ద పెట్టలేదు. పెట్టొచ్చని తోచనే లేదు నాకు."

నేను ఇంకో పళ్ళెం తీశాను. డెర్వ్లా ఉప్పుగిన్నె దాని దగ్గరికి జరిపింది.

అత్తగారు బల్ల పట్టుకుని లేచి, గోడ ఆనుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. మంచులోకి చెయ్యి చాపి, "రా అమ్మా. చలిలో ఎంతసేపు నిలబడతావు" అంది. తర్వాత ఇంకాస్త గొంతు పెంచి, "డెలియా, నువ్వూ రా. గొర్రెల సంగతి నేను చూసుకుంటాలే" అంది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

వెనక్కి తిరిగి ఆవిడ కొడుకుల వైపు చూసింది.

"డోనల్, లేవరా. టీగ్, నువ్వూ లే. కుర్చీలు కావాలి."

"మరి మేమెక్కడ తినాలమ్మా?" అన్నాడు డోనల్.

"పొయ్యి దగ్గర నిలబడి తినండి. ఇరవై రెండేళ్ళుగా నీ పెళ్ళాం అక్కడే తింటోంది, చచ్చిందా?"