దాపటెద్దు

నూట పన్నెండో చుట్టు దగ్గర నీలకంఠానికి ఎడమ మోకాలు మొద్దుబారింది. ప్రతి ఉదయం దాదాపు ఆ చుట్టులోనే మొద్దుబారుతుంది కనుక అతను పట్టించుకోలేదు. రాజ్‌దూత్ బండి రెండో గేరులో, ఎర్రమట్టి మెరక మీద తాను గీసుకున్న గుండ్రని జాడలోనే తిరుగుతోంది. ఆ జాడ ఇప్పటికి అరచేయి లోతు దిగింది. చుట్టుకు నూరు మీటర్లు. పది చుట్లకు కిలోమీటరు. రెండు వందల చుట్లు పూర్తయితే మీటరు ఇరవై కిలోమీటర్లు ముందుకు జరుగుతుంది. అంటే బండి కూర్మన్నపాలెం నుంచి విశాఖపట్నం చేరినట్టు. సాయంత్రం మరో రెండు వందలు తిరిగితే వెనక్కి వచ్చినట్టు.

ఏడు నెలలుగా ఆ బండి రోజూ నగరానికి వెళ్ళి వస్తోంది, ఈ జాడ దాటకుండా.

నీలకంఠానికి నలభై రెండేళ్ళు. పొట్టి మనిషి. మెడ వెనక చర్మం ఎండకు కాలి, గీతలు పడి, బీటలు వారిన మడిలా ఉంటుంది. ఖాకీ చొక్కా కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్నాడు. ఉక్కు కర్మాగారం కట్టుబడి కార్యాలయంలో అతని పని తపాలా మోయడం. అయిదేళ్ళు సైకిలు మీద ప్రాజెక్టు లోపలే మోశాడు. ఎనభై ఆరులో బండి ఇచ్చి, ఇకపై నగరంలోని ఆఫీసులకు కూడా నువ్వే వెళ్ళాలన్నారు. షెడ్డు మెకానిక్కు తాతబాబు మూడు రోజులు నేర్పాడు. నాలుగో రోజు నీలకంఠం హైవే ఎక్కాడు.

ఆ రోజు రెండు కిలోమీటర్లు కూడా పోలేదు. వెనక నుంచి ఇనుప చువ్వల లారీ వచ్చింది. ముందు చప్పుడు మెడ మీద పడింది, తర్వాత గాలి భుజాన్ని నెట్టింది, చివరికి ఎర్రగుడ్డ కట్టిన చువ్వల కొసలు చెవి పక్కగా ఊగుతూ సాగిపోయాయి. అతనికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతన్ని పట్టుకుంది. ఏదైనా జరిగి ఉంటే అది అక్కడితో అయిపోయేది. జరగనిది కనుక ఇంకా జరగవలసే ఉంది.

తన భయం చావును గురించినదా అని అతను చాలాసార్లు ఆలోచించాడు. కాదనిపించింది. తనకు కనిపించనిది ఒకటి, తనకంటే వేగంగా, తన వెనకే వస్తూ ఉండడం అతనికి భరింపరానిది. ఈ మెరక మీద ఆ బాధ లేదు. గుండ్రని జాడలో వెనక నుంచి వచ్చేది తానొక్కడే.

అందుకే ఈ ఏర్పాటు. పొద్దున్నే షెడ్డులో బండి తీసుకుని ఇక్కడికి వస్తాడు. తొమ్మిది గంటలకు తపాలా సంచీ భుజాన వేసుకుని, కూడలిలో సన్యాసమ్మ టీ పాక వెనక బండి దాచి, సిటీ బస్సు ఎక్కుతాడు. సాయంత్రం దిగి, మిగిలిన చుట్లు తిరిగి, బండిని షెడ్డులో అప్పగిస్తాడు. మీటరు సరిపోతుంది, పెట్రోలూ సరిపోతుంది. ఈ సంగతి భార్య గౌరీశ్వరికి కూడా తెలియదు.

ఈ మెరక అతనికి కొత్త కాదు. ప్రాజెక్టు కోసం ఊరిని తీసుకోక ముందు ఊరి కళ్ళాలన్నీ ఇక్కడే ఉండేవి. మాఘమాసంలో వరి కుప్పలు వేసి నూర్చేవారు. అన్న శ్రీరామ్మూర్తి ఎద్దులను తోలేవాడు. లోపలి పక్క, అంటే ఎడమవైపు, నడిచేది దాపటెద్దు. బయటి పక్క నడిచేది వెలపటెద్దు. ఊరు ఊరంతా ఎడమకే తిప్పేది. అందువల్ల నీలకంఠం కూడా తెలియకుండానే ఎడమకే తిరుగుతున్నాడు. ఒక్కనాడూ కుడికి తిరగలేదు.

భూమి పోయినప్పుడు ఇంటికొక ఉద్యోగమన్నారు. పెద్దవాడు కనుక అది శ్రీరామ్మూర్తిదే. “నువ్వెళ్ళరా. దాపటెద్దుకి నడక తక్కువ. బయట పక్క నాను తిరుగుతాన్లే,” అన్నాడు. అన్నట్టే నగరానికి పోయి, నలభై ఆరేళ్ళ వయసులో పోర్టులో బస్తాలు మోసే కూలి అయ్యాడు. ఎరువుల పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇప్పుడు తొమ్మిది రోజులుగా పెద్దాసుపత్రిలో, పై అంతస్తు వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు.

తొమ్మిది రోజులూ నీలకంఠం బస్సు దిగి వెళ్ళి చూస్తూనే ఉన్నాడు. తొమ్మిది రోజులూ శ్రీరామ్మూర్తి పక్క మంచాలవాళ్ళకు చెబుతూనే ఉన్నాడు. “మా తమ్ముడు. గవర్నమెంటు బండి మీదొత్తాడు. లారీలన్నీ ఆడికి దారిత్తాయి.” తర్వాత గొంతు తగ్గించి తమ్ముణ్ణి అడుగుతాడు. “ఓసారి ఈ కిటికీ కిందకి తెత్తావేట్రా? పైకొద్దు. సప్పుడింటే సాలు.”

“లోపలికి రానివ్వరన్నా,” అంటాడు నీలకంఠం.

రెండు వందలు పూర్తయ్యాయి. అతను దిగి, మోకాలు రుద్దుకుని, షెడ్డుకు వెళ్ళాడు. ఏడాదికోసారి జరిగే తనిఖీ ఆ ఉదయమే.

తాతబాబు వెనక టైరు ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

“బావా, ఇలా రా. ఇదేటి?”

“టైరు.”

“టైరని నాకూ తెల్సు. ఈ పక్క సూడు, గుండు గీసినట్టుంది. ఆ పక్క సూడు, నిన్న కొన్నట్టుంది. ఇశాపట్నం రోడ్డు గుండ్రంగా ఎప్పుడేసేరు? నాకు సెప్పనేదేటి?”

“రోడ్డు ఓ పక్కకి వాటంగా ఉంటాది...”

“అవునవును. ఎల్లేటప్పుడు ఎడం పక్కకి వాటం. ఒచ్చేటప్పుడూ ఎడం పక్కకే వాటం!”

తాతబాబు నవ్వు ఆపి, కొత్త టైరు ఎక్కించాడు. బోల్టు బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. “నాను నోరిప్పను. కానీ ఇదీ అలాగే అరిగిందనుకో, బండి ఇంకోడికిచ్చీసి, నిన్ను యార్డులో రేకుల కింద కూకోమంటారు. బాగా ఆలోసించుకో.”

తొమ్మిదింటికి తపాలా సంచీతో పాటు ఒక కబురు కూడా ఇచ్చారు. వార్డు నుంచి ఎవరో ఫోన్ చేయించారట. శ్రీరామ్మూర్తికి తెల్లవారుజాము నుంచి ఆయాసం ఎక్కువైంది. తమ్ముణ్ణి తొందరగా రమ్మంటున్నాడు.

టీ పాక వెనక బండి దాచి నీలకంఠం కూడలికి వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు.

“బస్సుల్నేవు బాబూ,” అంది సన్యాసమ్మ గ్లాసులు తొలుస్తూ. “సమ్మె. తెల్లారగట్ట నుంచి ఒక్కటీ రానేదు. ఆటోలోళ్ళు కూడా సమ్మెలోకే పోనారు.” అతను కదలకపోవడం చూసి మళ్ళీ అంది. “సంకలో బండెట్టుకుని బస్సు కోసం సూసీ మడిసిని నిన్నే సూసేను నాను.”

అతను పాక వెనక్కి వెళ్ళి బండి బయటకు తీశాడు. హెల్మెట్టు పట్టీ బిగించుకుంటుంటే, కళ్ళంలో దిగే ముందు ఎద్దు మూతికి చిక్కం కట్టడం గుర్తొచ్చింది.

హైవే అంచున, తారు అయిపోయి కంకర మొదలయ్యే గీత మీద, మూడు కిలోమీటర్లు వెళ్ళాడు. ఎదురుగా వచ్చే లారీలు అతన్ని బాధించలేదు. అవి కనిపిస్తాయి. తర్వాత మెడ మీద ఆ చప్పుడు పడింది. అతను చూడలేదు. చేతులు వాటంతట అవే హ్యాండిలును ఎడమకు తిప్పాయి. బండి కంకరలోకి దిగి, తాటిమొద్దు పక్కన ఆగిపోయింది. లారీ వెళ్ళిపోయింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి.

ఇంజను ఆపి, రెండు కాళ్ళూ నేల మీద ఆన్చి కూర్చున్నాడు. చేతి గడియారంలో పది దాటింది. లేవాలనుకున్నాడు. లేవలేదు. ముందుకు పోవాలన్నా ఇదే రోడ్డు, వెనక్కి పోవాలన్నా ఇదే రోడ్డు. ఇన్నాళ్ళూ తాను రోడ్డును తప్పించుకున్నానని అనుకున్నాడు. ఏడు నెలల్లో ఒక్క రోజు కూడా రోడ్డు లేకుండా గడవలేదని ఇప్పుడు తెలిసింది. ఆ మెరక మీద తిరిగిన ప్రతి చుట్టూ దీన్ని తలుచుకుంటూ తిరిగిందే. గడియారంలో పదిన్నర అయింది. పదీ నలభై అయింది. చెమట కంటి కొనలోకి దిగితే కూడా తుడుచుకోలేదు.

పదకొండు కావస్తుండగా వెనక నుంచి ఎండుగడ్డి వేసుకున్న ఎడ్లబండి ఒకటి వచ్చింది. దాన్ని తోలుతున్న ముసలాయన గడ్డి మీద నుంచి తొంగి చూశాడు.

“ఏటి బావా, పెట్రోలయిపోనాదా?”

“నేదు.”

“మరేటి, పాడయిపోనాదా?”

“నేదు.” నీలకంఠం ఆగి, ఏడు నెలల్లో మొదటిసారి ఆ మాట పైకి అన్నాడు. “బయమేత్తంది.”

ముసలాయన పళ్ళు లేని నోటితో నవ్వాడు. “బయం ఎవులికి ఉండదు! మా ఎద్దులకీ ఏత్తాది. ఎనక్కి సూడనివ్వను, అంతే. నా ఎనకాల రా.”

నీలకంఠం మొదటి గేరులో, గడ్డి బండి వెనక, అర కిలోమీటరు వెళ్ళాడు. గడ్డి పోచలు అతని చొక్కా మీద, తపాలా సంచీ మీద రాలాయి. ఇంజను వేడెక్కి కాలి మడమను కాల్చింది. లారీలు వస్తూనే ఉన్నాయి. అంత గడ్డినీ, రెండు ఎద్దులనూ, ఒక ముసలివాణ్ణీ ఒరుసుకుంటూ వెళ్ళిపోతూనే ఉన్నాయి. ఎద్దులు తల తిప్పలేదు.

“ఎంతసేపు దేక్కుంటా వత్తావు?” అని ముసలాయన అరిచాడు. “కుడి పక్కకి తియ్యి. పో!”

అతను కుడికి వాలాడు. కొత్త టైరు కుడి అంచు తారును తాకింది. శరీరానికి ఆ వాలు అలవాటు లేదు. పడిపోతున్నట్టే అనిపించింది. పడలేదు. వెలపటెద్దు పక్కగా వెళుతుంటే దాని చెవి ఒకసారి కదిలింది.

గాజువాక దాటింది. చప్పుడు మెడ మీద పడుతూనే ఉంది, గాలి నెడుతూనే ఉంది. భయం తగ్గలేదు. అయితే అది ఇప్పుడు అతనితో పాటే ప్రయాణం చేస్తోంది, వెనక సీటు మీద కూర్చున్న మనిషిలా. ఎన్.ఏ.డి. కూడలి దగ్గర రెండు లారీల మధ్య నుంచి తీయవలసి వచ్చింది. తీశాడు.

ఆసుపత్రి గేటులో అతన్ని ఎవరూ ఆపలేదు. వార్డు కిటికీ కిందకు వెళ్ళి, ఇంజను ఆపకుండా, యాక్సిలరేటరును మూడుసార్లు పూర్తిగా తిప్పాడు. పావురాలు లేచాయి. కాపలా మనిషి అరుచుకుంటూ వచ్చాడు. “ఓయ్, ఆస్పత్రనుకున్నావా, లారీల స్టాండనుకున్నావా?”

అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

మంచం మీద దుప్పటి తల దాకా కప్పి ఉంది. వదిన జోగమ్మ మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఏడుపు అయిపోయిన ముఖం.

“ఇన్నాడు బాబూ,” అంది. “నీ బండి సప్పుడిన్నాడు. పదిన్నరకి కిటికీ కింద ఆగినావు కదా, కళ్ళు మూసుకునే, ‘ఆడే, తెచ్చీసాడు’ అన్నాడు. మల్ల మాటాడనేదు.”

పదిన్నరకు తాటిమొద్దు పక్కన కూర్చున్నప్పుడు చూసిన గడియారం ముల్లు నీలకంఠానికి కనిపిస్తూనే ఉంది.

“ఇంతసేపు కింద ఏటి సేసినావు బాబూ?”

“బండి నిలబెట్టడానికి సోటు దొరకనేదు వదినా.”

ఆమె తల ఊపింది. “ఇప్పుడు మల్లా సప్పుడు సేసినావు. ఇంక ఇనడు.”

కిందకు చూస్తే, కిటికీ కింద తన బండి పక్కనే ఇంకో మూడు మోటారు సైకిళ్ళు ఉన్నాయి. వాటిలో అన్న విన్నది ఏదో అతనికి ఎప్పటికీ తెలియదు.

సాయంత్రం కాకముందే దహనం అయిపోయింది. వదిన దగ్గర ఆమె అన్నదమ్ములున్నారు. నీలకంఠం స్నానం చేసి, తడి బట్టలతోనే హైవే ఎక్కాడు. బండిని ఆ పూట షెడ్డులో అప్పగించాలి. దారిలో చీకటి పడబోతోంది. వెనక లారీ దీపాలు అతని నీడను తారు మీద పొడుగ్గా పరిచి, దగ్గరవుతూ, కుదించి, దాటిపోయాయి. కళ్ళాల మెరక దారి వచ్చినప్పుడు హ్యాండిలు అలవాటుగా కొద్దిగా ఎడమకు లాగింది. అతను సరిచేసుకున్నాడు.

తాతబాబు టార్చి వేసి మీటరు చూశాడు. “నలభై రావాలి. అరవై ఒచ్చింది. ఇరవై ఎక్కువ, ఏటి బావా?”

ఏడు నెలలూ సరిగ్గా ఉన్న మీటరు, నిజంగా వెళ్ళి వచ్చిన రోజున తప్పింది.

“ఆ ఇరవై పొద్దున్న మెరక మీద తిరిగినవి.”

“మరి నలభై?”

“రోడ్డు మీద.”

తాతబాబు టార్చి వెలుగు మీటరు మీద నుంచి తడి చొక్కా మీదకు వచ్చింది. “ఎవులు?”

“మా అన్న.”

టార్చి ఆరిపోయింది. తపాలా సంచీని తెరవకుండానే బల్ల మీద పెట్టి, నీలకంఠం కాలినడకన ఇంటివైపు వెళ్ళాడు. తాతబాబు షెడ్డు తలుపు వేశాడు.

బయట, గోడకు ఆనించి పాత టైరు ఉంది. ఎడమ పక్క నున్నగా, అద్దంలా అరిగిపోయింది. కుడి పక్కన, అచ్చులోంచి వచ్చిన రోజున ఉండే సన్నని రబ్బరు నూగు ఒక్కటి కూడా రాలకుండా అలాగే ఉంది.